వాపా, బలుపా? తాత్కాలిక కోచ్ గెలుపులను తూచే లెక్క

2019 మార్చి 6 రాత్రి పారిస్‌లో మాంచెస్టర్ యునైటెడ్ 3–1తో పారిస్ సాంజెర్మాన్‌ను ఓడించి ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్‌కు చేరింది. మూడు వారాల కిందట సొంత మైదానంలో ఇదే ప్రత్యర్థి చేతిలో 0–2తో ఓడిన జట్టు అది. సొంతగడ్డపై తొలి మ్యాచ్‌ను అంత తేడాతో పోగొట్టుకుని ఆ పోటీలో నిలబడ్డ జట్టు అంతకుముందు లేదు. ఆ రాత్రి టీవీ స్టూడియోలో క్లబ్బు మాజీ డిఫెండర్ రియో ఫెర్డినాండ్ ఉప్పొంగిపోయాడు. కాంట్రాక్టు తెచ్చి బల్లమీద పెట్టండి, జీతం అంకె అతన్నే వేసుకోమనండి అన్నాడు. అతనంటే తాత్కాలిక మేనేజర్ ఓలె గున్నార్ సోల్‌షాయర్. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో బయెర్న్ మ్యూనిక్ మీద అదనపు నిమిషాల్లో గెలుపు గోల్ కొట్టి, అభిమానుల గుండెల్లో గుడి కట్టించుకున్న ఆటగాడు.

మార్చి 28న క్లబ్బు మూడేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది. అప్పటికి తాత్కాలిక హోదాలో అతని లెక్క 19 మ్యాచ్‌లు, 14 గెలుపులు, 2 డ్రాలు, 3 ఓటములు. పర్మనెంట్ అయ్యాక ఆ సీజన్‌లో మిగిలిన 10 మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండే. ఆరు ఓడింది.

అదే మనిషి, అవే ఆటగాళ్లు. మరి 19 మ్యాచ్‌ల్లో కనబడ్డది వాపా, బలుపా? సంతకం పెట్టకముందే పసిగట్టే దారి ఉందా? చాలావరకు ఉంది. కాగితం, పెన్సిల్, కాస్త గణాంక శాస్త్రం చాలు.

ముందు ఒక సంగతి. తాత్కాలిక కోచ్ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుంది? జట్టు గోతిలో పడ్డప్పుడే. 2018 డిసెంబర్ 18న అప్పటి మేనేజర్ జోసె మొరీనోను తీసేసే నాటికి యునైటెడ్ 17 లీగ్ మ్యాచ్‌ల్లో 26 పాయింట్లతో ఆరో స్థానంలో ఉంది. మ్యాచ్‌కు 1.53 పాయింట్లు. అంతకుముందు మూడు సీజన్లలో వచ్చినవి 66, 69, 81. మొత్తం 114 మ్యాచ్‌లకు 216 పాయింట్లు, అంటే మ్యాచ్‌కు 1.89. జట్టు తన మామూలు స్థాయికి బాగా కింద ఉన్నప్పుడు కోచ్ మారాడన్నమాట. ఇలాంటి సమయంలో ఎవరిని కూర్చోబెట్టినా, ఎవరినీ మార్చకపోయినా, తర్వాతి ఫలితాలు సగటు వైపు లేచే అవకాశమే ఎక్కువ. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల, పిల్లల ఎత్తులు కొలిచి చూపిన సూత్రమే ఇది. బాగా పొడగరుల పిల్లలు సగటున తల్లిదండ్రులంత పొడుగు ఉండరు; బాగా పొట్టివాళ్ల పిల్లలు సగటున అంత పొట్టిగా ఉండరు. దీన్నే రిగ్రెషన్ టు ద మీన్ అంటారు. జ్వరం పతాకస్థాయిలో ఉన్న రోజు తాయెత్తు కట్టించుకుంటే మర్నాడు తాయెత్తుకే పేరొస్తుంది. అదీ ఈ సూత్రమే.

ఫుట్‌బాల్‌లో దీన్ని పరీక్షించాలంటే కోచ్‌ను మార్చిన జట్లను చూస్తే సరిపోదు. అంతే ఘోరంగా ఆడుతూ కూడా కోచ్‌ను మార్చని జట్లను పక్కన పెట్టి చూడాలి. నెదర్లాండ్స్ ఆర్థికవేత్త బాస్ తెర్ వీల్ ఆ దేశపు ప్రథమ శ్రేణి లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు ఫలితాలను ఇలాగే పరిశీలించాడు. కోచ్‌ను తీసేసిన జట్లు కోలుకున్నాయి. తీయని జట్లూ దాదాపు అలాగే కోలుకున్నాయి. కొత్త కోచ్ వల్ల అదనంగా ఒరిగింది కనబడలేదు. కోచ్‌లంతా ఒకటేనని దీనికి అర్థం కాదు. తొలి నెలల్లో కనిపించే ఎగుదలను కోచ్ ఖాతాలో వేయడానికి లేదు, అంతే.

ఇక రెండోది, 13 లీగ్ మ్యాచ్‌లు అసలు ఎంత సాక్ష్యం అనేది. తాత్కాలిక కాలంలో సోల్‌షాయర్ 10 గెలిచి, 2 డ్రా చేసి, ఒకటి ఓడి 32 పాయింట్లు తెచ్చాడు. మ్యాచ్‌కు 2.46. ఆ వేగంతో 38 మ్యాచ్‌లు ఆడితే 93 పాయింట్లు. ఇంగ్లండ్‌లో చాలా ఏళ్లు అది టైటిల్ గెలిచే మొత్తం. అభిమాని కళ్ల ముందు మెరిసింది ఆ 93.

ఒక మ్యాచ్ గెలిస్తే వచ్చేది 3 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే 0. నూటికి 45 గెలిచి, 25 డ్రా చేసి, 30 ఓడే జట్టుకు మ్యాచ్‌కు సగటు 1.6 పాయింట్లు. చెదురు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 1.32. సగటుకు దాదాపు సమానంగా ఉండే చెదురు ఇది. అంటే ఒక్కో ఫలితంలో సమాచారం తక్కువ, రొద (ఊరికే తగిలే అదృష్టం, దురదృష్టం) ఎక్కువ. 13 మ్యాచ్‌లకు ఆ 1.32ను 13 వర్గమూలంతో గుణిస్తే సుమారు 4.8 పాయింట్లు వస్తాయి. యునైటెడ్ మామూలు స్థాయి 1.89 చొప్పున 13 మ్యాచ్‌లకు రావలసినవి దాదాపు 25. వచ్చినవి 32. తేడా ఏడు చిల్లర, ఆ చెదురుకు ఒకటిన్నర రెట్లు. జట్టులో ఏ మార్పూ లేకున్నా ఇంత మంచి పరుగు పదహారు సార్లలో ఒకసారి ఊరికే తగులుతుంది.

పదహారింట ఒకటి అరుదే కదా అనిపించవచ్చు. కానీ యూరప్ పెద్ద లీగుల్లో ఏటా పదుల సంఖ్యలో కోచ్‌లు మారతారు. వారిలో ఎవరికి ఆ పరుగు తగిలిందో వారి గురించే ‘పర్మనెంట్ చెయ్యాలా’ అన్న చర్చ పుడుతుంది. తగలనివారు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతారు. 2009లో న్యూకాజిల్ ఆరాధ్యుడు అలన్ షియరర్ చివరి 8 మ్యాచ్‌లకు పగ్గాలు పట్టి ఒక్కటే గెలిచాడు, జట్టు కింది డివిజన్‌కు జారింది. ప్రేమలో సోల్‌షాయర్‌కు వీసమెత్తు తక్కువ కాదు షియరర్. అక్కడ చర్చే లేదు.

మరి పాత సమాచారాన్ని, కొత్త పరుగును కలిపి ఒక అంచనాకు రావడం ఎలా? గణాంక శాస్త్రంలో దీనికి ష్రింకేజ్ అనే పద్ధతి ఉంది. కొత్త సగటును పాత సగటు వైపు కొంత కుదించడమే అది. ఎంత కుదించాలన్నది రెండు అంకెల మీద ఆధారపడుతుంది. ఒకటి మ్యాచ్ చెదురు, 1.32 వర్గం 1.74. రెండోది ఒకే జట్టుకు ఒక కోచ్‌కూ ఇంకో కోచ్‌కూ మధ్య నిజంగా ఉండే తేడా. దీన్ని మ్యాచ్‌కు 0.2 పాయింట్లు అనుకుందాం. అంటే సీజన్‌కు ఏడెనిమిది పాయింట్లు. ఇది ఊహే కానీ ఉదారమైన ఊహ. దాని వర్గం 0.04. మ్యాచ్‌ల సంఖ్యతో గుణిస్తే 13 × 0.04 = 0.52. కొత్త పరుగుకు ఇవ్వవలసిన తూకం 0.52ను (0.52 + 1.74)తో భాగిస్తే వచ్చేది: 0.23. మిగతా 0.77 తూకం పాత చరిత్రదే.

ఇప్పుడు 1.89కి, రెండు సగటుల తేడా 0.57లో 23 శాతం కలపండి. 2.02. సీజన్‌కు 77 పాయింట్లు.

తర్వాత నిజంగా వచ్చినవి 2019–20లో 66, 2020–21లో 74. అభిమాని 93 ఎక్కడ, లెక్క 77 ఎక్కడ! కోచ్‌ల మధ్య తేడా 0.3 అని మరీ ఉదారంగా పోయినా అంచనా 81 దాటదు. ఇంకో మాట: కొత్త పరుగుకూ పాత చరిత్రకూ చెరిసగం తూకం ఇవ్వాలంటే 1.74ను 0.04తో భాగించాలి, దాదాపు 44 మ్యాచ్‌లు కావాలి. ఒక సీజన్ మొత్తం కన్నా ఎక్కువ.

పాయింట్ల కన్నా త్వరగా నిజం చెప్పే కొలత ఎక్స్‌జీ, అంటే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్. ప్రతి షాట్‌కూ అది గోల్ అయ్యే సంభావ్యతను కట్టి కూడతారు. పెనాల్టీకి దాదాపు 0.76, పాతిక గజాల అవతలి నుంచి కొట్టేదానికి 0.03 అటూ ఇటూ. గోల్స్ మ్యాచ్‌కు రెండో మూడో అయితే షాట్లు ఇరవై పైమాటే కనుక రొద తగ్గుతుంది. ఎక్స్‌జీ పట్టిక లేకపోయినా గోల్స్ ఎలా పడ్డాయో చూస్తే సగం తెలిసిపోతుంది. పారిస్‌లో యునైటెడ్ మొదటి గోల్ ప్రత్యర్థి డిఫెండర్ తప్పుడు బ్యాక్ పాస్ పుణ్యం. రెండోది గోల్‌కీపర్ బుఫాన్ చేతిలోంచి జారిన బంతి. మూడోది చివరి నిమిషాల్లో వీడియో రిఫరీ చూసి ఇచ్చిన హ్యాండ్‌బాల్ పెనాల్టీ. అంతకుముందు జనవరిలో వెంబ్లీలో టోటెనమ్ మీద 1–0 గెలుపులో గోల్‌కీపర్ డి హెయా 11 షాట్లు ఆపాడు. గెలుపులు గెలుపులే, కాదనలేం. కానీ 11 షాట్లు ఆపించుకోవడం వచ్చే ఏడాదికి వ్యూహం కాదు.

ప్రత్యర్థులు తేలికని కొందరంటారు. నిజమే, మొదటి రెండు మ్యాచ్‌లు ఆ ఏడు చివర్లో డివిజన్ జారిపోయిన కార్డిఫ్, హడర్స్‌ఫీల్డ్‌లతోనే. 5–1, 3–1తో గెలిచాడు. అయితే అవే రెండు జట్లు సీజన్ చివరి రెండు మ్యాచ్‌ల్లో మళ్లీ ఎదురయ్యాయి. హడర్స్‌ఫీల్డ్‌తో 1–1, సొంత మైదానంలో కార్డిఫ్‌తో 0–2. ప్రయోగశాలలో కూడా ఇంత శుభ్రమైన పోలిక దొరకడం కష్టం. కాబట్టి ప్రత్యర్థులు తేలిక అన్న వివరణ ఒక్కటే చాలదు. కొత్త ఊపు కూడా ఉంది, అది కరిగింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పాత కోచ్ పక్కన పెట్టిన ఆటగాళ్లు కొత్తాయన కళ్లలో పడాలని ఉరుకుతారు. జట్టులో చోట్లు ఖరారయ్యాక ఆ ఉరుకు ఉండదు. పైగా కండరాలు అలసిపోతాయి. ఫిబ్రవరి 24న లివర్‌పూల్‌తో మ్యాచ్ విరామానికి ముందే యునైటెడ్ మూడు సబ్‌స్టిట్యూషన్లూ గాయాలకే ఖర్చయ్యాయి.

మరి పర్మనెంట్ చేయడం ఎప్పుడూ తప్పేనా? రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టాలి.

చెల్సీలో 2012 మార్చిలో తాత్కాలికంగా వచ్చిన రాబెర్టో డి మాతెయో ఎఫ్‌ఏ కప్పు, ఆపై ఛాంపియన్స్ లీగ్ తెచ్చాడు. కప్పుల కన్నా ఇంకేం సాక్ష్యం కావాలి అనిపిస్తుంది. కానీ మ్యూనిక్ ఫైనల్లో బయెర్న్‌కు 20 కార్నర్లు, చెల్సీకి ఒక్కటి. ఆ ఒక్కదాన్నే 88వ నిమిషంలో ద్రోగ్బా తలతో గోల్ చేశాడు. అదనపు సమయంలో బయెర్న్ ఆటగాడు రాబెన్ పెనాల్టీని చెల్సీ గోల్‌కీపర్ చెక్ ఆపాడు, చివరికి షూటౌట్‌లో గెలుపు. లీగ్‌లో అదే జట్టు ఆరో స్థానం. జూన్‌లో రెండేళ్ల కాంట్రాక్టు ఇచ్చి నవంబర్‌లో పంపేశారు.

బయెర్న్‌లో హాన్సీ ఫ్లిక్ కథ వేరు. 2019 నవంబర్‌లో తాత్కాలికంగా వచ్చాడు. నవంబర్ 30న, డిసెంబర్ 7న వరుసగా రెండు లీగ్ మ్యాచ్‌లు 1–2తో ఓడాడు. పాయింట్లు చూసేవాడైతే అక్కడే ముగించేవాడు. ఆ రెండింటిలోనూ బయెర్న్ అవకాశాలు కుప్పలుగా సృష్టించింది, బంతి లోపలికి పోలేదంతే. క్లబ్బు తొందరపడలేదు, భయపడలేదు. మొదట క్రిస్మస్ దాకా, తర్వాత సీజన్ చివరి దాకా, 2020 ఏప్రిల్‌లో 2023 వరకు అని మెట్టుమెట్టుగా పొడిగించింది. ఆ ఆగస్టులో బార్సిలోనాను 8–2తో ఓడించి, లీగ్, జర్మన్ కప్పు, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచిన సీజన్‌గా ముగించింది.

కోచ్‌ను నాలుగు నెలల్లో కాక దశాబ్దంలో చూసే వీలుంటే ఈ సూత్రాల అవసరమే రాదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సంగతే తీసుకోండి. ఆయన నడిపిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన చేతిలో భారత జట్టు 1951లో, మళ్లీ 11 ఏళ్ల తర్వాత 1962లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. నడుమ 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. తరాలు మారినా నిలిచిన ఫలితాన్ని అదృష్టమనడానికి నోరు రాదు.

సోల్‌షాయర్ విషయంలో క్లబ్బు చేయగలిగిన తేలిక పని ఒకటుంది: ఆగడం. సీజన్ ముగియడానికి ఆరు వారాలే ఉంది. అతను నార్వేలోని మోల్డె నుంచి సీజన్ చివరి వరకు వచ్చినవాడు. మోల్డెకు 2011, 2012లో లీగ్ టైటిళ్లు తెచ్చాడు, సరే. 2014లో కార్డిఫ్‌ను నిలబెట్టలేకపోయాడు, ఆ జట్టు అట్టడుగున ముగిసింది. పాత చరిత్ర తూకం 0.77 అన్నప్పుడు ఈ రెండూ అందులో పడాలి. 1999 నాటి గోల్ ఏ గడిలోనూ పడదు. ఒక మంచి గుణం మిగతా గుణాలన్నిటికీ వెలుగు పూయడాన్ని మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే హేలో ఎఫెక్ట్ అన్నాడు. గోల్ కొట్టే కాలుకూ, జట్టును నడిపే తలకూ చుట్టరికం లేదు. ఆగితే నష్టమూ ఉంది. వేసవి కొనుగోళ్ల ప్రణాళిక ఆలస్యమవుతుంది, ‘ఈయన ఉంటాడో లేదో’ అన్న గుసగుస డ్రెస్సింగ్ రూమ్‌లో మొదలవుతుంది. ఇంకో క్లబ్బు ఎగరేసుకుపోతుందన్న భయమే నిజమైతే ఆగకూడదు కూడా. ఆ మార్చిలో ఆ భయానికి ఆధారం పలచన.

అలాగని అతన్ని తీసుకోవడం ఘోరమని లెక్క చెప్పలేదు. 77 పాయింట్ల కోచ్ అనుకుని సంతకం చేసి ఉంటే మూడో స్థానం, రెండో స్థానం, 2021లో విల్లారియల్ చేతిలో షూటౌట్‌లో 10–11తో చేజారిన యూరోపా లీగ్ ఫైనల్ ఏవీ నిరాశ కావు. 93 అనుకున్నవారికే అవి నిరాశ. అతన్ని 2021 నవంబర్ 21న తొలగించారు. డి మాతెయోను చెల్సీ తొలగించింది కూడా నవంబర్ 21నే, సరిగ్గా తొమ్మిదేళ్ల ముందు. దీనికి అర్థం వెతక్కండి. కాకి వాలింది, తాటిపండు రాలింది.