తుపాను రాకముందే తేల్చుకోవాల్సిన ట్యాగులు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు స్తంభాలు కూలి మోటార్లు ఆగిపోవడంతో ట్యాంకు ఉన్న ఊళ్లలో కూడా మంచినీళ్లకు కటకట వచ్చింది. అలాంటి రోజున కవిటికో సోంపేటకో సాయం పట్టుకొచ్చేవాళ్లకు మ్యాప్‌లో ట్యాంకు గుర్తు ఒక్కటే ఉంటే ఏం లాభం? జనరేటర్ ఉందా, దగ్గర్లో చేతిపంపు పనిచేస్తోందా అన్నది తెలియాలి. ఆ వివరాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అందరూ ఒకేలా ఎక్కించడానికే ఉమ్మడి ట్యాగులు, అంటే మ్యాప్‌లోని ఒక్కో గుర్తుకు అది ఏమిటో, ఎలాంటిదో చెబుతూ తగిలించే చిన్న చీటీలు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను 2004లో స్టీవ్ కోస్ట్ బ్రిటన్‌లో మొదలుపెట్టింది విపత్తుల కోసం కాదు. ఎవరైనా మార్చగలిగే మ్యాప్ అది. ఏ ట్యాగ్ వాడాలో శాసించేవాళ్లు లేరు, జనం వాడుకలో నిలిచిందే పద్ధతి. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు వందలాది వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూస్తూ రాజధాని వీధులు గీశారు. జనం ఎక్కడికక్కడ వేసుకున్న గుడారాల శిబిరాలకు అప్పటికప్పుడు ఒక ట్యాగ్ పుట్టించి, భూకంప నష్టం కింద చేర్చారు. ఆ హడావుడిలో అది చాలా మేలు చేసింది. కానీ వరదకు ఊరు వదిలినవాళ్ల శిబిరానికి అది సరిపోదు. 2015లో నేపాల్ భూకంపానికి మళ్లీ వేరే ట్యాగ్ వచ్చింది.

మధ్యలో 2013 నవంబరులో ఫిలిప్పీన్స్‌ను హైయాన్ తుపాను ముంచెత్తింది. పై నుంచి తీసిన చిత్రాలు చూసి కూలిన ఇళ్లకు ట్యాగులు పెట్టారు. తర్వాత నేల మీద తనిఖీ చేస్తే వాటిని పెద్దగా నమ్మలేమని తేలింది. మరుసటి ఏడాది రెడ్‌క్రాస్ వంటి సంస్థలు కలిసి మిస్సింగ్ మ్యాప్స్ మొదలుపెట్టాయి: విపత్తు రాకముందే మ్యాప్ సిద్ధం చేసే ప్రయత్నమది. ఈ చరిత్రలో అసలైన మలుపు అదేనని నా నమ్మకం.

మన తీరానికి వచ్చేసరికి చిక్కు షెల్టర్ దగ్గరే మొదలవుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ పేరుతో ఉన్న మామూలు ట్యాగ్ ఎండావానలకు కాసేపు తలదాచుకునే చిన్న నిర్మాణాలకు ఉద్దేశించింది, బస్‌షెల్టర్‌తో సహా. వందల మంది రాత్రంతా ఉండాల్సిన తుపాను షెల్టర్‌కూ అదే పెడితే, దూరం నుంచి మ్యాప్ చూసేవాళ్లకు తేడా ఎలా తెలుస్తుంది? ఎంతమంది పడతారు, మరుగుదొడ్లు ఉన్నాయా, వరదలో అక్కడికి దారి ఉంటుందా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అన్నవీ కావాలి. ఇళ్ల సంగతీ అంతే. తాటాకు ఇల్లు, రేకుల ఇల్లు, పెంకుటిల్లు, శ్లాబు ఇల్లు గాలికి ఒకేలా నిలబడవు. పైకప్పు దేనితో వేశారో రాయడానికి ట్యాగ్ ఇప్పటికే ఉంది. దాన్ని ఊరూరా నింపితే, ముందుగా ఎవరిని ఖాళీ చేయించాలో మ్యాపే చెబుతుంది.

నష్టం ట్యాగులకైతే చూసిన తేదీ తప్పనిసరి చేయాలి. రోడ్డుకు అడ్డం పడిన చెట్టును రెండు రోజుల్లో తీసేస్తారు. మ్యాప్‌లో దారి మూసేశారన్న ట్యాగ్‌ను ఎవరూ తీయకపోతే, వచ్చే తుపానుకు అంబులెన్స్ చుట్టుతిరిగి పోవాల్సి వస్తుంది.

2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, ఆ తర్వాత తిత్లీ, మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో మత్స్యకారులు, సచివాలయ సిబ్బంది, కాలేజీ పిల్లలు కూర్చుని ఈ ట్యాగుల జాబితా తేల్చుకోవడానికి వేసవే వీలైన సమయం.