క్యాన్సర్ తర్వాత వీఆర్ థెరపీ: అపోహలు - వాస్తవాలు

"ఆ కళ్లజోడు పెట్టుకుంటే నొప్పి పోతుందటగా?" ఈమధ్య నన్ను ఈ మాట అడగనివాళ్లు తక్కువ. నేను ఫిజియోథెరపిస్టుని. క్యాన్సర్ చికిత్స ముగిసినవాళ్లతో వ్యాయామాలు చేయిస్తుంటాను, కొందరికి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కూడా వాడతాను. పెట్టుకుంటే చుట్టూ కంప్యూటర్ సృష్టించిన లోకం కనిపించే ఆ కళ్లజోడే ఇది. దాని మీద ఆశా, భయమూ రెండూ ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉన్నాయి.

అపోహ: ఇదంతా వీడియో గేమ్, ఉత్త కాలక్షేపం.

గేమే, కాదనను. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశాక చాలామందికి భుజం బిగుసుకుపోతుంది. గోడ మీద వేళ్లను పైకి పాకించమంటాం. మూడో రోజుకే విసుగొస్తుంది. పైగా నొప్పి పుడుతుందన్న భయంతో చేయి ఒక ఎత్తు దాకా వెళ్లి ఆగిపోతుంది. హెడ్‌సెట్ పెడితే అదే చేయి తలపైన తేలే బుడగను పగలగొట్టడానికి లేస్తుంది, ఎందుకంటే ధ్యాసంతా బుడగ మీదే ఉంటుంది. బుడగ ఎంత ఎత్తున ఉండాలి, ఎన్నిసార్లు రావాలి అన్నది నేను పెడతాను. చికిత్స అంటే ఆ లెక్కే.

ధ్యాస మళ్లితే నొప్పి తగ్గుతుందన్నది కొత్త సంగతేమీ కాదు. 1990లలోనే వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ కాలిన గాయాల రోగులకు దీన్ని వాడి చూశారు. అయితే దీనికో చిక్కుంది. నొప్పి తెలియకపోతే అతిగా చేసేస్తారు, మర్నాడు పొద్దున బాధ పడతారు. అందుకే మొదట్లో నేను ఐదు నిమిషాలకే ఆపేస్తాను, ఎంత బతిమాలినా సరే.

అపోహ: కీమో బాధలన్నీ వీఆర్‌తో మాయం.

2007లో అచ్చయిన ఒక అధ్యయనంలో 123 మందికి కీమో ఎక్కిస్తుండగా వీఆర్ చూపించారు. సమయం త్వరగా గడిచినట్టు అనిపించింది. కానీ ఆ వెంటనే గానీ, రెండు రోజుల తర్వాత గానీ బాధల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కుర్చీలో గంటలు లెక్కపెట్టేవాళ్లకు ఆ మొదటి లాభం చిన్నదేం కాదంటాను. అంతకు మించి మాటివ్వను.

అపోహ: అమెరికా ప్రభుత్వమే ఆమోదించిందిగా!

2021 నవంబరులో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక వీఆర్ పద్ధతికి అనుమతిచ్చింది, పెద్దవాళ్లలో దీర్ఘకాలిక నడుము నొప్పికి. క్యాన్సర్‌కు కాదు.

అపోహ: లింఫ్ గ్రంథులు తీసేసిన వైపు చేయి బాగా కదిపితే వాపు వస్తుంది.

ఈ భయం వీఆర్ రాకముందు నుంచీ ఉంది. ఇప్పటికే చేయి వాపున్న 141 మంది మహిళలతో 2009లో వచ్చిన అధ్యయనంలో, పర్యవేక్షణలో మెల్లగా పెంచుతూ బరువులెత్తించినా వాపు ఎక్కువ కాలేదు. అక్కడ కీలకం 'మెల్లగా' అన్నదే. వాపు కోసం చేతికి బిగుతు స్లీవ్ (తొడుగు) వాడుతున్నవాళ్లు దాన్ని ఆటలోనూ తీయొద్దు.

అపోహ: ఎవరైనా పెట్టుకోవచ్చు.

కాదు. క్యాన్సర్ మెదడుకు పాకినవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు డాక్టర్ అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. ఎముకలకు పాకితే, ఏ ఎముక ఎంత బలహీనంగా ఉందో తెలిశాకే కదలికలు. మెడలో ఆపరేషన్ అయినవాళ్లకు అరకిలో హెడ్‌సెట్ కూడా బరువే. తెల్లకణాలు తగ్గినవాళ్లకు ముఖానికి తగిలే స్పాంజి తొడుగు పదిమందిదీ అయితే ప్రమాదం.

కొన్ని కీమో మందుల వల్ల పాదాలకు తిమ్మిరి ఉంటే నేల సరిగా తెలియదు. హెడ్‌సెట్‌తో ఆ నేల కనపడదు కూడా. అలాంటివాళ్లను కుర్చీలో కూర్చోబెట్టే ఆడిస్తాను. కళ్లేమో కదులుతున్నామంటాయి, లోపలి చెవి లేదంటుంది; అక్కడే కడుపులో తిప్పుతుంది. కీమోతో వికారం పడ్డవాళ్లకు మొదటిసారే అలా జరిగితే, రెండోసారి హెడ్‌సెట్ చూస్తేనే వాంతి వచ్చినట్టుంటుంది. కాబట్టి మొదట కదలని దృశ్యమే పెడతాను.

అపోహ: వీఆర్ లేకపోతే వెనకబడిపోతాం.

2019 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, వారానికి మూడుసార్లు అరగంట చొప్పున ఒక మోస్తరు వ్యాయామం చేస్తే నీరసం, ఆందోళన తగ్గుతాయి. నడక చాలు.

అపోహ: స్కోరు పెరిగిందంటే భుజం బాగుపడినట్టే.

నన్ను ఎక్కువగా మోసం చేసింది ఇదే. బుడగ అందకపోతే మనిషి నడుము పక్కకు వంచి అందుకుంటాడు. మెషిన్‌కు చేతిలో కంట్రోలర్ ఎక్కడుందో తెలుసు గానీ నడుము వంగిందో లేదో తెలియదు. అందుకే హెడ్‌సెట్ తీయగానే గోనియోమీటర్‌తో కోణం కొలుస్తాను. తర్వాత అడిగేది ఒకటే: "తల దువ్వుకోగలుగుతున్నారా?"