ఎర్రరాయి నల్లబడ్డ కాలం

నైరుతి జపాన్ కొండల్లో చెర్ట్ అనే రాతి పొరలున్నాయి. చెకుముకి రాయి జాతిది. ఒకప్పుడు నడిసముద్రంలో బతికిన సూక్ష్మజీవుల గాజులాంటి పెంకులు అడుగున పేరుకుని, ఇలా రాయిగా మారాయి. కింది పొరలు ఇటుక రంగులో ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ బూడిద రంగుకు తిరిగి, ఒకచోట పూర్తిగా నల్లబడతాయి. ఇంకా పైన మళ్లీ ఎరుపే. ఆ ఎరుపు ఇనుము తుప్పుది, అంటే అడుగు నీళ్లలో ఆక్సిజన్ ఉన్నట్టు. నలుపు దగ్గర అది లేదు.

ఆ నల్ల పట్టీ వయసు సుమారు 25.2 కోట్ల ఏళ్లు. పెర్మియన్ అనే భూయుగం ముగిసి ట్రయాసిక్ అనే తర్వాతి యుగం మొదలైన చోటు అది. సముద్ర జీవజాతుల్లో పదింట ఎనిమిదో తొమ్మిదో అక్కడే అంతరించాయి.

భూగర్భ శాస్త్రవేత్త జాన్ ఫిలిప్స్ 1860లో యుగయుగాల జీవవైవిధ్యాన్ని చూపుతూ గీసిన గ్రాఫ్‌లోనే ఈ గుంట కనిపిస్తుంది. 1980లో శాస్త్రవేత్తలైన అల్వారెజ్ తండ్రీకొడుకులు డైనోసార్ల కాలం ఉల్కతో ముగిసిందన్నాక, ఇక్కడా ఉల్క కోసం వెతుకులాట సాగింది. గట్టి ఆధారం దొరకలేదు. అనుమానం అదే కాలంలో సైబీరియాలో పొంగిన లావా మీదికి మళ్లింది. ఆ లావా బొగ్గు, ఉప్పు పొరల్ని కాల్చుకుంటూ పైకొచ్చింది. అచ్చం థర్మల్ స్టేషన్ బూడిదలాంటి రేణువులు కెనడా ఆర్కిటిక్ రాళ్లలో దొరికాయని 2011లో ప్రకటించారు.

మరి సముద్రానికి ఊపిరాడకపోవడం ఎందుకు? నేడు గ్రీన్‌లాండ్, అంటార్కిటికా దగ్గర చల్లబడి బరువెక్కిన నీరు అడుగుకు దిగి, ఆక్సిజన్‌ను వెంట తీసుకెళ్తుంది. ఒక చుట్టు తిరగడానికి దాదాపు వెయ్యేళ్లు. పెర్మియన్ చివర ఈ తిరుగుడే ఆగిపోయిందని మొదట్లో చాలామంది అనుకున్నారు. భూగర్భ శాస్త్రవేత్త యుకియో ఇసోజాకి 1997లో జపాన్ రాళ్ల ఆధారాన్ని ముందుపెట్టాక ఆ వాదం బలపడింది కూడా. కంప్యూటర్ మోడళ్లు మాత్రం సముద్రాన్ని పూర్తిగా ఆపడం అంత తేలిక కాదని చూపాయి. నాకు సబబుగా తోచేది ఈ రెండో మాటే: తిరుగుడు మందగించింది, దానికి వేడి తోడైంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, ప్రాణులకేమో ఎక్కువ కావాలి. భీమవరం వైపు రొయ్యల రైతులను అడిగితే చెబుతారు, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోతే రాత్రంతా నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఎందుకు తిప్పాలో.

వాషింగ్టన్, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల పరిశోధకులు 2018లో వేసిన లెక్క ప్రకారం ఉష్ణమండల సముద్రాలు దాదాపు 10 డిగ్రీలు వేడెక్కాయి. సముద్రాల్లోని ఆక్సిజన్‌లో దాదాపు నాలుగింట మూడొంతులు పోయింది. ఎక్కువ దెబ్బతిన్నవి ధ్రువాల వైపు జీవులు. వేడికి అలవాటుపడ్డవి చల్లటి చోటుకు జరగొచ్చు, వీటికి జరగడానికి చోటే లేదు.

నేల మీద గ్లోసాప్టెరిస్ చెట్లు పోయాయి. నాలుక ఆకారంలో, నడుమ ఈనెతో ఉండే వాటి ఆకుల అచ్చులు మన సింగరేణి ప్రాంతపు రాళ్లలోనూ కనిపిస్తాయి; అక్కడి బొగ్గులో చాలా భాగం ఆ అడవులదే. ట్రయాసిక్ తొలినాళ్ల బొగ్గు పొర మాత్రం ప్రపంచంలో ఎక్కడా దొరకలేదు.