విశాఖ మేడలకు గాలి ఎలా దూరమైంది

ఎండాకాలం రాత్రి తొమ్మిదిన్నరకు మా పడగ్గది పడమటి గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వేడిగానే ఉంటుంది. పగలంతా తాగిన ఎండను గోడ అప్పుడే గదిలోకి వదులుతుంటుంది. పైన స్లాబుదీ అదే పని. ఫ్యాన్ వేస్తే స్లాబు కింద చేరిన వేడిగాలి మంచం మీదికి దిగుతుంది. మురళీనగర్ నుంచి గాజువాక దాకా పై అంతస్తులో ఉండే ఎవరిని అడిగినా ఇదే మాట. ఇంత దగ్గర్లో సముద్రం ఉండి కూడా ఏసీ లేనిదే కన్ను మూతపడని స్థితికి ఊరు ఒక్కరోజులో రాలేదు.

విశాఖ బాధ ఎండ కన్నా ఉక్కపోత. గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. ఎయిర్ కూలర్ పెడితే ఉన్న తేమకు ఇంకాస్త తేమ కలుస్తుంది, అంతే. ఇక్కడ ఒంటికి హాయిగా ఉండాలంటే గాలి ఆడాలి, గోడ మీద ఎండ పడకూడదు. ఉత్తరాంధ్ర తీరంలో కట్టుకున్న చుట్టిళ్లలో ఈ లెక్క కనిపిస్తుంది. గుండ్రటి మట్టిగోడ, నేలకు దగ్గరగా దిగిన చూరు. చూరు గోడకు నీడనిస్తుంది, తుఫాను గాలి గుండ్రటి ఇంటిని పట్టుకోలేక జారిపోతుంది. వన్‌టౌన్ పాత ఇళ్లది ఇంకో పద్ధతి. మందపాటి గోడలు, గానుగ సున్నం, ఎత్తయిన పెంకుల కప్పు, వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఒకే వరస. భీమిలిలో మా అమ్మమ్మ ఇంట్లో మధ్యాహ్నం రెండు గుమ్మాలూ తెరిచి నడవలో చాప వేసేవారు. నేను పడుకున్న అతి చల్లని చోటు అదే.

తర్వాత డాబా గొప్పయింది, పెంకుటిల్లు పేదరికమైంది. తొమ్మిది అంగుళాల గోడ నాలుగున్నరకు దిగింది. సన్‌షేడ్ కుదించుకుపోయింది. పక్క అపార్ట్‌మెంట్ చేతికందే దూరంలో లేచేసరికి ఆగ్నేయం నుంచి రావలసిన సముద్రపు గాలికి దారి లేకపోయింది.

ఇటుక కూడా మారింది. పొలాల మట్టిని కాపాడాలని, థర్మల్ కేంద్రాల బూడిదను ఇటుకల్లో వాడాలని కేంద్రం 1999లో ఉత్తర్వు ఇచ్చింది. 2002లో పరవాడ దగ్గర సింహాద్రి కేంద్రం మొదలయ్యాక మనకు బూడిదకు కొదవ లేదు. అది మంచి పనే. కానీ బూడిద ఇటుక వాడితే ఇల్లు చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. దట్టంగా ఉండే ఆ ఇటుక వేడిని బాగానే లోపలికి పంపిస్తుంది. లోపలంతా గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ బ్లాకు అంతకన్నా ఎంతో మేలుగా ఆపుతుంది. వ్యర్థాన్ని వాడుకోవడం వేరు, కరెంటు ఆదా వేరు. బిల్డర్ల బ్రోచర్లలో రెండూ కలిసిపోయి కనిపిస్తాయి.

చట్టాల సంగతికొస్తే, 2001లో ఇంధన పొదుపు చట్టం, 2007లో వాణిజ్య భవనాలు కరెంటు ఆదా చేసేలా కట్టడానికి ఈసీబీసీ అనే నియమావళి వచ్చాయి. మన రాష్ట్రం దాన్ని 2014లో తెచ్చుకుంది. అదే ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. భవనాల అద్దాల ముఖభాగాలు పగిలి రోడ్ల మీద పడ్డాయి, ఎయిర్‌పోర్ట్ కప్పు లేచిపోయింది, రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే ఏ ఇల్లు నివాసయోగ్యమో ఆ వారంలో ఊరంతటికీ తెలిసింది. తుఫాను తర్వాత 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీకి మార్చారు, 2018లో ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల సోలార్ పలకలు తేలాయి. ఇవన్నీ నిజంగా మెచ్చుకోదగ్గవి. ఇళ్ల గోడల జోలికి మాత్రం ఎవరూ రాలేదు.

ఇళ్లకు నియమావళి 2018 డిసెంబర్‌లో ‘ఎకో నివాస్ సంహిత’ పేరుతో వచ్చింది. గోడలు, కిటికీల గుండా లోపలికి చేరే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదన్నది అందులో ఒక నియమం. విశాఖలాంటి ఉక్క వాతావరణానికి ఇంకోటి ఉంది. తెరుచుకునే కిటికీలు, తలుపుల వైశాల్యం కార్పెట్ ఏరియాలో, అంటే బయటి గోడలు పోను ఇంటి లోపలి నేలలో, కనీసం ఆరోవంతు ఉండాలి. ‘తెరుచుకునే’ అన్నదే కీలకం. రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది కాబట్టి లెక్కలోకి సగమే వస్తుంది.

ఒక ఆదివారం టేపు పట్టుకుని మా ఇల్లు కొలిచాను. కార్పెట్ ఏరియా 840 చదరపు అడుగులు, అంటే 140 అడుగుల తెరుపు కావాలి. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న కిటికీలు నాలుగు, బాల్కనీకి ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తున్న తలుపు ఒకటి. అన్నీ స్లైడింగే. సగం తీసేస్తే మిగిలింది 53 అడుగులు. ఆ రోజు నుంచి ఏసీ కరెంటు బిల్లు చూస్తే నాకు ముందు ఆ కిటికీలే గుర్తొస్తాయి.

2018లో వచ్చినప్పుడు ఈ సంహిత కూడా 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లోని కట్టడాలకే. 2022 సవరణతో నివాస భవనాలు ఇంధన పొదుపు చట్టం పరిధిలోకి వచ్చాయి కానీ, అదీ 100 కిలోవాట్ల లోడు దాటిన పెద్ద సముదాయాలకు ఉద్దేశించిందే. మధ్యతరగతి ఫ్లాట్లు లేచేవి ఎక్కువగా రెండు మూడు వందల గజాల్లో. మా పక్క స్థలం 240 గజాలు. మొన్ననే రెండో స్లాబు పోశారు. పడమటి గోడ నాలుగున్నర అంగుళాలతో లేస్తోంది, కిటికీలకు స్లైడింగ్ ఫ్రేములు దిగాయి.