సుబ్బారావు రికార్డులో ఖాళీ ఎక్కడుంది?

కణాలకు శక్తినందించే ఏటీపీ అనే పదార్థాన్ని కనుగొన్నది ఎవరన్న వాదన మళ్లీ రాజుకుంది. ‘నోబెల్ మనవాడికి రావాల్సింది, ఎవరో ఎగరేసుకుపోయారు’ అని ఒకవైపు. ‘జర్మన్ శాస్త్రవేత్త లోమన్ ముందు ప్రచురించారు, ఇక మాట్లాడేదేముంది’ అని మరోవైపు. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలో పుట్టడం, మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగి ప్రొఫెసర్ ఆగ్రహానికి గురికావడం తెలుగువాళ్లకు తెలిసిన కథే. ఈ వాదన తేలాలంటే చూడాల్సింది ఆయన పేరుతో అచ్చయిన పత్రాలను. అంతకన్నా ముఖ్యంగా, అచ్చు కాకుండా పోయిన పనిని.

తేదీల సంగతి మొదట ముగిద్దాం. కార్ల్ లోమన్ పత్రం 1929 ఆగస్టులో జర్మనీలో వచ్చింది. హార్వర్డ్‌లో పనిచేసిన సైరస్ ఫిస్క్, సుబ్బారావుల పత్రం అదే ఏడాది అక్టోబరులో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. రెండూ వేర్వేరుగా జరిగిన పరిశోధనలు. పైగా లోమన్‌కూ నోబెల్ రాలేదు. కాబట్టి ఎగరేసుకుపోయారన్న మాటకు ఆధారం లేదు.

అన్యాయం జరగలేదని కాదు. అది జరిగిన చోటు వేరు.

ఫాస్ఫరస్‌ను రంగు సాయంతో కొలిచే పద్ధతిని 1925లో ఈ ఇద్దరూ ప్రచురించారు. ప్రయోగశాలల్లో అది ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగానే స్థిరపడింది. దాంతో కండరంలోని ఫాస్ఫేటును కొలుస్తుంటే నీలిరంగు వెంటనే తేలకుండా నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. పద్ధతిలోనే లోపమని ఎవరైనా వదిలేసేవారు. వీళ్లు వదల్లేదు. ఏదో అస్థిరమైన పదార్థం ద్రావణంలో విడిపోతూ ఫాస్ఫేటును వదులుతోందని పట్టుకున్నారు. అదే 1927లో ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్, కండరంలో శక్తిని నిల్వచేసే పదార్థం. కండరాల శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి నమ్మకం దాంతో కదిలింది. ఏటీపీ దాకా వెళ్లిన దారి కూడా ఇదే.

1930లో సుబ్బారావుకు హార్వర్డ్ పీహెచ్‌డీ ఇచ్చింది. అసలు మలుపు ఇక్కడే అని నా అభిప్రాయం. మరో పదేళ్లు ఆయన అక్కడే పనిచేశారు. కాలేయ సారంపై జేకబ్‌సన్‌తో కలిసి రాసిన పత్రాలు వచ్చాయి. కానీ ఫిస్క్ ప్రయోగశాలలో న్యూక్లియోటైడ్లపై (డీఎన్ఏకు ఇటుకల్లాంటి అణువులపై) చేసిన పని వెలుగు చూడలేదు. ఈ మాట అన్నది తెలుగు అభిమానులు కాదు. అదే ప్రయోగశాలలో పరిశోధన విద్యార్థిగా ఉండి, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్. సుబ్బారావు వేరుచేసిన పదార్థాల్లో కొన్నింటిని తర్వాతివాళ్లు ఏళ్ల తరబడి శ్రమించి మళ్లీ కనుగొనాల్సి వచ్చిందనీ, ఫిస్క్ వాటిని బయటికి రానివ్వకపోవడమే కారణంగా కనిపిస్తుందనీ ఆయన చెప్పారు. దేన్ని ఎప్పుడు అచ్చుకివ్వాలో ప్రయోగశాల పెద్దే తేలుస్తాడని ఫిస్క్ తరఫున వాదించేవాళ్లూ ఉన్నారు. పక్కనే ఉండి చూసిన మనిషి సాక్ష్యం ముందు ఆ వాదన నాకు బలంగా కనిపించదు.

పరిశోధకుడికి పత్రమే ఆస్తి. అది లేనిదే పదవి లేదు. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కని సుబ్బారావు 1940లో లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడి పని జట్టు పని. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ నిర్మాణం, తయారీపై 1946లో వచ్చిన పత్రంలో 16 మంది రచయితల్లో ఆయనది ఏడో పేరు. అది హోదా వరుస కాదు, తన బృందంలోని పేర్లను అక్షరక్రమంలో పెడితే వచ్చిన చోటు. 1947లో ఫైలేరియా మందుపై వచ్చిన పత్రంలో చివరి పేరు. ఆయన బృందం అందించిన అమినోప్టెరిన్‌తో లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం దొరికిందని 1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించినప్పుడు, రచయితల్లో ఆయన లేనే లేరు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఇప్పటి వాదనలో యాంటీబయాటిక్ మందు ఆరియోమైసిన్‌ను కూడా ఆయన ఖాతాలో వేస్తున్నారు. మిసోరీ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్. విస్కాన్సిన్‌లో ఉద్యోగ విరమణ చేసి, 70 దాటాక లెడర్లీలో చేరిన వృక్షశాస్త్రవేత్త. పరిశోధన విభాగాధిపతి సుబ్బారావే అయినా, 1948లో పత్రం డగ్గర్ ఒక్కరి పేరుతోనే వచ్చింది. ఆ మందును డగ్గర్ నుంచి లాక్కుని సుబ్బారావుకు కట్టబెడితే, ఫిస్క్ మీద మనం చేస్తున్న ఫిర్యాదునే రేపు డగ్గర్ వైపువాళ్లు మన మీద చేస్తారు.