గుడ్డి కొంగ చూపు

చెరువు కట్ట మీద నడుస్తుంటే తూము పక్కన ఉన్న మట్టిగడ్డ ఉన్నట్టుండి "క్వాక్" అని అరిచి, తెల్లటి రెక్కలు విప్పుకుని ఎగిరిపోతుంది. అదే గుడ్డి కొంగ. మనం దాదాపు మీద కాలేసేదాకా కదలదు. పాపం, కళ్లు కనపడవనుకుని మనవాళ్లు ఆ పేరు పెట్టేశారు.

దాన్ని చూడలేకపోయింది మనమే. మెడ, ఛాతీ నిండా గోధుమరంగు చారలు, వీపంతా బురద రంగు. తెల్లటి రెక్కలు ముడిస్తే లోపలికి పోతాయి. పొడవు 45 సెంటీమీటర్లకు మించని ఈ పిట్ట గడ్డిలో నిలబడితే గడ్డిలో కలిసిపోయినట్టే.

ఒకసారి వరి మడి గట్టున కూర్చుని చూశాను. మెడను భుజాల్లోకి లాక్కుని, గూనివాడిలా నిలబడింది. చాలాసేపటికి ఒక కాలెత్తి, నీళ్లు కదలకుండా ముందుకేసింది. ఆ తర్వాత జరిగింది నా కంటికి అందలేదు. ముక్కులో వేలెడంత చేప కొట్టుకుంటోంది. దాన్ని తల ముందు వచ్చేలా తిప్పుకుని మింగేసింది. రెక్కముళ్లు గొంతులో గుచ్చుకోకూడదు కదా! కొంగ జపమని ఊరికే అనలేదు.

ఆ వేగమంతా మెడలోనే ఉంది. కొంగల మెడలో ఆరో ఎముక మిగతా వాటికంటే పొడవు. మెడ అక్కడ మడతపడుతుంది, వదిలితే ముక్కు ఈటెలా దూసుకుపోతుంది. ఇక కళ్ల సంగతి. 1994లో ఇద్దరు శాస్త్రవేత్తలు మూడు జాతుల కొంగల చూపు కొలిచారు. గుడ్డి కొంగకు దగ్గరి చుట్టమైన స్క్వాకో హెరాన్ అందులో ఒకటి. ముక్కు నేలకు సమాంతరంగా ఉన్నా, తల వంచకుండానే ఇవి తమ కాళ్ల కింది నీటిని రెండు కళ్లతో చూడగలవట. గుడ్డి అన్న పేరు ఇంతకంటే తప్పుగా పెట్టలేం.

వానలు పడి జతకట్టే రోజులొస్తే ఆడామగా రెండూ వేషం మారుస్తాయి. వీపు ముదురు ఎరుపుకు తిరుగుతుంది, తల వెనక పొడవాటి ఈకలు వేలాడతాయి. ఊళ్లోని పెద్ద చెట్ల మీద మిగతా కొంగలతో కలిసి పుల్లల గూళ్లు కట్టి, నీలి ఆకుపచ్చ గుడ్లు పెడతాయి. చెట్టు కింద బైకు పెట్టినవాడి తిట్లు వేరే సంగతి.

ఎండాకాలం చెరువు అడుగంటితే నీళ్లు పెట్టిన లాన్లలోకి వచ్చి పురుగులు ఏరుకుంటాయి. ఆ పచ్చటి గడ్డిలో బురద రంగు దాగదు, వీధి చివరినుంచే కనిపిస్తుంది. అయినా అలవాటు కొద్దీ, మనం దగ్గరికెళ్లేదాకా అలాగే నిలబడి ఉంటుంది.