చీమకుర్తికి మోసుకెళ్ళిన సర్వర్

ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్ళే దారిలో ఓ గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. ఏ బ్లాకు కోస్తే ఎన్ని స్లాబులు వచ్చాయో, వాటిలో ఎన్ని చదరపు అడుగులు అమ్ముడయ్యాయో చూపించే సాఫ్ట్‌వేర్ డెమోకి వెళ్ళాను. ‘సేవ్’ నొక్కాను. తెర మీద చక్రం తిరగడం మొదలెట్టింది. టీ వచ్చింది, తాగాం, గ్లాసులు కూడా తీసుకెళ్ళారు. ఓనరుగారు నెమ్మదిగా అన్నారు: “ఏంది బాబూ, తిరగతానే ఉందే!”

నా లాప్‌టాప్‌లో ఉన్నది షాపువాడు తెగ పొగిడి అమ్మిన ఐ7 ప్రాసెసర్. తప్పు దానిది కాదు, నాది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఒక్క ముక్కగా ఉండదు. డేటాబేస్ ఒక కంప్యూటర్‌లో, అప్లికేషన్ సర్వర్ ఇంకోదాంట్లో ఉంటాయి. బిల్లు కొట్టే గుమాస్తా ముందుండేది మూడోది. మూడూ ఆటోలో వేసుకుని ఊరూరా తిరగలేం కాబట్టి ఒకే లాప్‌టాప్‌లో వర్చువల్ మెషిన్లుగా నడుపుతాం. ప్రతిదీ తానొక సొంత కంప్యూటర్ అనుకుంటూ పని చేస్తుంది. ఆ భ్రమ చెడకుండా చూసే సాఫ్ట్‌వేరే హైపర్‌వైజర్.

ఇదేం కొత్త విద్య కాదు. ఐబీఎం తన పెద్ద కంప్యూటర్లకు వీఎం/370ని 1972లోనే ప్రకటించింది. కిటుకు తెలియాలంటే డ్రైవింగ్ స్కూలు కారుని గుర్తు తెచ్చుకోండి. స్టీరింగు నేర్చుకునేవాడి చేతిలోనే ఉంటుంది. పక్కన కూర్చున్న గురువు కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది, అవసరమైతేనే తొక్కుతాడు. వర్చువల్ మెషిన్‌లో కూడికలూ తీసివేతలూ నేరుగా అసలు ప్రాసెసర్ మీదే జరిగిపోతాయి. మెషిన్ మొత్తాన్ని ప్రభావితం చేసే పనికి దిగినప్పుడే ప్రాసెసర్ దాన్ని ఆపి హైపర్‌వైజర్‌కి అప్పగిస్తుంది. వేగం పెద్దగా తగ్గకపోవడానికి కారణం అదే.

మన పీసీల్లోని ఎక్స్86 ప్రాసెసర్లతో ఒక చిక్కు ఉండేది. కొన్ని ఆదేశాలను అవి ఆపేవి కావు, కిక్కురుమనకుండా తప్పు ఫలితం ఇచ్చి ముందుకు పోయేవి. పెంటియంలో అలాంటి ఆదేశాలు 17 ఉన్నాయని 2000లో పరిశోధకులు తేల్చారు. వాటిని ముందే పట్టుకుని తిరగరాసే ఉపాయంతో వీఎంవేర్ అనే కంపెనీ 1999లోనే గట్టెక్కింది. తర్వాత 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ అలాంటి ఆదేశాలనూ ఆపి అప్పగించే సదుపాయాన్ని ప్రాసెసర్‌లోనే పెట్టేశాయి. కొన్ని లాప్‌టాప్‌లలో అది బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందొచ్చే సెట్టింగుల్లో, ఆపేసి ఉంటుంది. వర్చువల్‌బాక్స్ అనే హైపర్‌వైజర్‌లో 32 బిట్ సిస్టమ్‌లు తప్ప 64 బిట్‌వి కనబడకపోతే ముందు అక్కడే వెతకాలి.

ఇక నా చక్రం సంగతి. పెళ్ళింట్లో ఒక్క బాత్రూమే ఉన్నా ఇరవైమంది వంతులేసుకుని స్నానాలు కానిచ్చేస్తారు. రాత్రికి మాత్రం ఎవరి చాపంత జాగా వాళ్ళకి కావాల్సిందే, అందులో వంతులు కుదరవు. ప్రాసెసర్ ఆ బాత్రూము, ర్యామ్ ఆ జాగా. నా 8 జీబీలో డేటాబేస్‌కి 4, సర్వర్‌కి 3 పంచేశాక ఇంటి యజమాని విండోస్ వసారాలో పడింది. జాగా చాలనప్పుడు అది ర్యామ్‌లోని ముక్కల్ని డిస్కులో దాచి, అడిగినప్పుడల్లా మళ్ళీ తెస్తుంది. ర్యామ్ నుంచి తేవడానికి పట్టేది సుమారు 100 నానోసెకన్లు. నాది నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్‌డిస్కు, ఒక్క చుట్టుకే 11 మిల్లీసెకన్లు. లక్ష రెట్లు తేడా! టీ తాగేంత టైము ఎక్కడికి పోయిందో ఇప్పుడు అర్థమైందిగా.

ఇప్పుడు వాడేది 64 జీబీ ర్యామ్, తిరిగే చక్రాల్లేని వేగమైన డిస్కు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. 32తోనూ నెట్టుకురావచ్చు గానీ, డేటా అంతా ర్యామ్‌లోనే పెట్టుకునే శాప్ హానా లాంటి డేటాబేస్‌లు చూపించాలంటే ఇరుకే. కొనేముందు ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, స్లాట్లున్నాయా అని అడగండి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర అక్షరం కూడా చూడండి. ఐ7 పేరున్నవాటిలో సాధారణంగా యూ అయితే 15 వాట్లకి, హెచ్ అయితే 45 వాట్లకి తయారుచేసినవి. ఐ7 అన్న బోర్డు కన్నా ఆ ఒక్క అక్షరమే ఎక్కువ చెబుతుంది.

వాట్లు పెరిగితే వేడీ పెరుగుతుంది. 100 డిగ్రీల దరిదాపులకొస్తే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. కొత్త లాప్‌టాప్ ఏడాది తిరక్కుండానే మందగిస్తే విప్పించాను. ఫ్యాను పక్కన రాగి రేకుల సందుల్లో బూడిదరంగు పొర, పాత కంబళి ముక్కలా అట్టకట్టి ఉంది. చీమకుర్తి రాతిపొడి. బంగారు చుక్కలతో నిగనిగలాడే ఆ నల్లరాయి పొడి చేస్తే అంత పాలిపోయి ఉంటుందని అప్పుడే చూశాను.

వెళ్ళిన ప్రతిచోటా నెట్‌వర్క్ వేరు, అడ్రసులు మారి సర్వర్ దొరక్కుండా పోయేది. అందుకని మెషిన్లు మూడింటినీ లాప్‌టాప్ దాటని సొంత నెట్‌వర్క్‌లో కలిపాను. అన్నీ నడుస్తుండగానే స్నాప్‌షాట్ తీశాను, అంటే ఆ క్షణానికి డిస్కూ మెమరీ ఎలా ఉన్నాయో అలాగే దాచడం. ప్రతి డెమోకి ముందు అక్కడికి వెనక్కి వెళితే చాలు, నిన్నటి చెత్త ఉండదు. బ్రహ్మాండం అనుకున్నాను.

ఏప్రిల్‌లో కావలిలో రొయ్యల మేత అమ్మే ఓ డీలరు దగ్గర బిల్లు కొట్టి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని తేదీ చదివారు: మార్చి 28. స్నాప్‌షాట్ తీసిన రోజది. లోపలి గడియారం ఆ క్షణం నుంచే మళ్ళీ నడక మొదలెట్టింది. లాప్‌టాప్ గడియారంతో దాన్ని కలిపే చిన్న టూల్స్ ప్యాకేజీ నేను వేయలేదు. ఇంటర్నెట్‌లో టైము సరిచూసుకుందామంటే ఆ దారి నేనే మూసేశాను.

“ఆడిటరు పోయినేడు లెక్కలు మొన్ననే మూసినాడబ్బాయా, మళ్ళా తెరిపిస్తావా ఏంది?” అన్నారాయన.